మిగతా నాలుగు సిట్టింగులు చేయించాలా, ఆపాలా?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైన క్రమంలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 61 సంవత్సరాలు. ఆరు నెలలుగా మోషన్ సరిగా కావడం లేదు. స్నేహితుల మాట మీద ఒక వెల్‌నెస్ సెంటర్‌లో కోలన్ హైడ్రోథెరపీకి, అంటే పెద్దపేగును నీటితో కడిగే చికిత్సకు, ఆరు సిట్టింగుల ప్యాకేజీ తీసుకొని, ఇప్పటికి రెండు పూర్తి చేశారు. కడుపు తేలికైందనీ, కిలోన్నర బరువు తగ్గాననీ సంతోషంగా ఉన్నారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రక్తం తక్కువగా ఉందని రెండు నెలలుగా ఐరన్ మాత్రలు కూడా వేసుకుంటున్నారు. మిగతా నాలుగు సిట్టింగుల వల్ల మేలు ఎక్కువా, ముప్పు ఎక్కువా అన్నది మీ ప్రశ్న.

నేను వైద్యురాలిని కాను. 31 సంవత్సరాలు నర్సుగా పనిచేశాను, అందులో చివరి పన్నెండేళ్ళు స్టోమా క్లినిక్‌లో, అంటే మలం బయటికి రావడానికి ఆపరేషన్‌తో పొట్ట మీద దారి పెట్టినవారిని చూసుకునే చోట, గడిచాయి. పేగులోకి నీళ్ళు ఎక్కించడం, దాన్ని రోగులకు నేర్పడం నా దినచర్యలో భాగం, కాబట్టి ఎనిమా మాట వినగానే ముఖం చిట్లించే మనిషిని కాననే అనుకోండి. అయినా మీకు నా జవాబు ఒక్కటే: ఆ నాలుగు సిట్టింగులు ఆపండి, కనీసం కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) జరిగేవరకైనా ఆపండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి ముఖ్య కారణం హైడ్రోథెరపీ కూడా కాదు, మీరు చివర్లో యథాలాపంగా చేర్చిన ఆ ఐరన్ మాత్రలు.

ఐరన్ మాత్రలు మలబద్ధకం చేస్తాయి, మలాన్ని నల్లబరుస్తాయి, ఇది అందరికీ తెలిసినదే. అయితే తేదీలు చూడండి. మలబద్ధకం మొదలై ఆరు నెలలైంది, మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలే అయింది. మొదటి నాలుగు నెలల మలబద్ధకానికి మాత్రలను తప్పుపట్టలేం. పైగా 61 ఏళ్ళ మగమనిషికి రక్తం ఎందుకు తగ్గింది అన్న ప్రశ్నకు మీ వివరాల్లో ఎక్కడా జవాబు లేదు. ఆ వయసులో రక్తహీనత, దానితోపాటు మలవిసర్జన అలవాటులో కొత్తగా వచ్చిన మార్పు కలిసి కనిపిస్తే, పెద్దపేగులో పుండో, పాలిప్పో (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), గడ్డో ఉండి కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం పోతున్నదేమోనని చూడవలసిందే. అలాంటిది ఏమీ లేకపోవచ్చు, లేకూడదనే కోరుకుందాం. కానీ లేదని తేలకముందే ఆ పేగులోకి లీటర్ల కొద్దీ నీరు పంపడం రెండు విధాల తప్పు. గడ్డ ఉన్నచోట, వాచిన చోట, బలహీనపడిన చోట గోడ నీటి ఒత్తిడికి చిరిగే అవకాశం ఎక్కువ. ఇక రెండోది, ఇంకా సాధారణమైనది: కడిగిన ప్రతిసారీ నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్ల పరీక్ష మరో నెల వెనక్కి పోతుంది.

ఈ రెండోదాన్ని నేను చాలా దగ్గర నుంచి చూశాను. రిటైరైన ఒక ఉపాధ్యాయుడు ఎనిమిది నెలలపాటు ఇంట్లోనే వారానికి రెండుసార్లు ఎనిమా తీసుకొని, ప్రతిసారీ ఎంత విరేచనమైందో డైరీలో రాసుకున్నాడు. ఆయన మా వార్డుకు వచ్చేనాటికి పొట్ట కుండలా ఉబ్బి, గాలి కూడా పోవడం లేదు. ఎడమవైపు పేగులో గడ్డ దారిని దాదాపు మూసేసింది. ఆ డైరీని నాకు చూపించి, “ఎంత క్రమం తప్పకుండా చేశానో చూడండి సిస్టర్” అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు.

ఇక మీరు అడిగిన అసలు విషయానికి వస్తాను. పేగులోకి నీరు పంపడం వల్ల నిజమైన ప్రయోజనం ఉన్నది ఎవరికంటే, తనంతట తాను ఖాళీ కాలేని పేగు ఉన్నవారికి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి మలాశయానికి మెదడు నుంచి ఆదేశాలు అందవు. ఒకరోజు గట్టిపడిపోతుంది, మరోరోజు తెలియకుండానే బట్టల్లో అయిపోతుంది. అలాంటి 87 మందిపై యూరప్‌లోని ఐదు కేంద్రాల్లో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. మలద్వారం గుండా క్రమపద్ధతిలో నీరు ఎక్కించుకున్నవారికి మామూలు చికిత్స పొందినవారికంటే మలబద్ధకమూ, అదుపు లేకపోవడమూ రెండూ తగ్గాయని అది చూపింది. మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ తరువాత రోజుకు పదిసార్లు టాయిలెట్‌కు పరుగెత్తవలసి వచ్చే కొందరికి కూడా ఇది పనికివస్తుంది. పుట్టుకతో పేగు చివర నరాల కణాలు లేని పసిపిల్లలకు, అంటే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఉన్నవారికి, ఆపరేషన్‌కు ముందు సెలైన్‌తో, అంటే తగిన పాళ్ళలో ఉప్పు కలిపిన నీటితో, కడగడం ప్రాణరక్షణ. అక్కడ మామూలు నీరు వాడరు, సెలైనే వాడతారు. కారణం తరువాత చెబుతాను.

నాకు బాగా తెలిసినది కొలాస్టమీ ఉన్నవారి, అంటే పెద్దపేగును పొట్ట మీది స్టోమాకు కలిపినవారి, ఇరిగేషన్ (పేగులోకి నీరు ఎక్కించి ఖాళీ చేయడం). పొట్ట మీద ఎడమవైపు స్టోమా ఉన్న మనిషిని కమోడ్ పక్కన స్టూలు మీద కూర్చోబెడతాం. నీళ్ళ సంచిని అతని భుజం ఎత్తుకు మేకుకు తగిలిస్తాం, అంతకంటే పైకి కట్టనివ్వం. ఎత్తు పెరిగిన కొద్దీ పేగుపై ఒత్తిడి పెరుగుతుంది మరి. నీరు లీటరు లోపే ఉంటుంది. ముంజేతి మీద పోసి చూసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. గొట్టం చివర మెత్తని శంకువు ఉంటుంది. గొట్టం లోలోపలికి వెళ్ళి గోడను పొడవకుండా అది అడ్డుకుంటుంది. ఐదు నుంచి పది నిమిషాల్లో నీరు ఎక్కుతుంది. కడుపు పట్టేసినట్టు అనిపించిన మరుక్షణం క్లిప్పు నొక్కి ఆగాలి. తరువాత ముప్పావుగంట పాటు పొడవాటి ప్లాస్టిక్ తొడుగు గుండా అంతా దిగుతుంది. ఇది కుదిరినవారికి ఆ తరువాత ఒకరోజు, కొందరికి రెండు రోజులు, సంచి అవసరమే ఉండదు, చిన్న మూత సరిపోతుంది. నా దగ్గర నేర్చుకున్న ఒక ఆర్టీసీ కండక్టర్ మూడు నెలల్లో డ్యూటీలో చేరాడు. కిక్కిరిసిన బస్సులో సంచి నలిగిపోతుందన్న భయం పోయిందని చెప్పడానికి స్వీటు పెట్టె పట్టుకొని వచ్చాడు. నీటి వల్ల మేలు లేదని నేను ఎలా అనగలను?

కానీ మీ నాన్నగారికి అమ్మినది ఈ సౌకర్యం కాదు. అక్కడ యంత్రంతో, ఒకే సిట్టింగులో విడతలు విడతలుగా, మొత్తం కలిపితే కొన్నిచోట్ల 60 లీటర్ల వరకు నీరు లోపలికి పంపి బయటికి తీస్తారు. దానికి చెప్పే కారణం మలబద్ధకం ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి పేగు గోడకు పేరుకున్న మలం నుంచి విషాలు రక్తంలోకి వెళ్ళి అలసట, తలనొప్పి, చర్మవ్యాధులు తెస్తున్నాయనీ, వాటిని కడిగేస్తున్నామనీ చెబుతారు. ఇది కొత్త మాటేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో షార్ల్ బుషార్ వంటి వైద్యులు ఈ స్వయంవిష సిద్ధాంతాన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. అమెరికాలో కార్న్ ఫ్లేక్స్‌తో ముడిపడిన కెలాగ్ తన బ్యాటిల్ క్రీక్ శానిటోరియంలో ఎనిమాలను ఒక ఉద్యమంలా నడిపాడు. లండన్‌లో సర్ విలియం ఆర్బత్నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ మరో అడుగు ముందుకు వేసి, మలబద్ధకం ఉన్నవారి పెద్దపేగునే కోసి తీసేశాడు.

ఆ సిద్ధాంతాన్ని కూల్చినది ఒక చిన్న ఆలోచన. మలబద్ధకంతో వచ్చే తలనొప్పి, చికాకు, మాంద్యం విరేచనమైన కొద్ది నిమిషాల్లోనే పోతాయి. రక్తంలో విషం ఉండి ఉంటే అంత త్వరగా పోవడం సాధ్యం కాదు కదా అని 1919లో వాల్టర్ అల్వారెజ్ అనే వైద్యుడు అడిగాడు. మరికొద్ది సంవత్సరాలకు ఆరోగ్యవంతుల మలాశయంలో దూదిని కూరి చూస్తే అవే లక్షణాలు కనిపించాయి, దూది తీయగానే పోయాయి. దూదిలో విషం లేదు, బాధంతా మలాశయం సాగడం వల్ల వచ్చినదే. మీ నాన్నగారు చెబుతున్న తేలికదనం అబద్ధం కాదు, ఆయన నిజంగానే హాయిగా ఉన్నారు. సాగి ఉన్నది ఖాళీ అయింది, అంతే. ఆ కిలోన్నర కూడా మలమూ నీరూ తప్ప కొవ్వు కాదు, మామూలుగా తినడం మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తుంది.

గోడకు పేరుకున్న మలం మాట ఇంకా తేలిక. పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఏళ్ళనాటి పెచ్చు అంటుకొని ఉండటానికి అక్కడ ఏళ్ళనాటి గోడే లేదు. కొలనోస్కోపీ తెరపై సిద్ధం చేసిన పేగును కొన్ని వందలసార్లు చూశాను. తడిగా మెరిసే గులాబీ రంగు గోడ, దానిపై సన్నని రక్తనాళాల అల్లిక కనిపిస్తాయి తప్ప నల్లటి పెచ్చులు నాకు ఎన్నడూ కనిపించలేదు. యంత్రంలోని పారదర్శకమైన గొట్టంలో జిగురు తాళ్ళలాంటివి చూపిస్తే భయపడకండి. చాలావరకు అది పేగు సహజంగా స్రవించే జిగురు. ముందురోజు ఇసబ్‌గోల్ గానీ, బంకమట్టి కలిసిన “క్లెన్సింగ్” పొడి గానీ తాగించి ఉంటే, ఆ తాళ్ళను తయారుచేసినది ఆ పొడే.

ఇక ముప్పు. పెద్దపేగు పని నీటిని పీల్చుకోవడమని గుర్తుంచుకుంటే సగం విషయం అర్థమవుతుంది. మనం తాగినదీ, శరీరం స్రవించినదీ కలిసి రోజుకు సుమారు తొమ్మిది లీటర్ల ద్రవం చిన్నపేగులోకి చేరుతుంది. అందులో లీటరు, లీటరున్నర మాత్రమే పెద్దపేగుకు వస్తుంది. చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. అలాంటి అవయవంలో మామూలు నీటిని నింపి కూర్చోబెడితే అది కొంత పీల్చుకుంటుంది. అప్పుడు రక్తంలోని సోడియం పలుచబడుతుంది. 135 నుంచి 145 మధ్య ఉండవలసిన సోడియం బాగా పడిపోతే మనిషి తికమకపడతాడు, మాట తడబడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. పసిపిల్లలకు మామూలు నీటికి బదులు సెలైన్ వాడేది ఇందుకే. ఆరోగ్యవంతుడైన యువకుడి కిడ్నీలు ఆ అదనపు నీటిని బయటికి పంపేస్తాయి. మీ నాన్నగారు వాడే మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది, అది స్వయంగా సోడియం తగ్గించగల మందు. 61 ఏళ్ళ వయసులో ఆ మాత్ర మీద ఉన్న మనిషికి అన్ని లీటర్ల నీరు ఎక్కించేముందు ఎవరైనా సోడియం పరీక్ష చేయించారా? మీరు రాయలేదు కాబట్టి చేయించలేదనే అనుకుంటున్నాను.

తరువాతిది అంటువ్యాధి. అమెరికాలోని కొలరాడోలో ఒక కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేతులతో సరిచేసే వైద్యం) క్లినిక్‌లో 1978 జూన్ నుంచి 1980 డిసెంబర్ వరకు ఈ చికిత్స తీసుకున్నవారిలో కనీసం 36 మందికి అమీబియాసిస్ (అమీబా వల్ల వచ్చే పేగు జబ్బు) సోకింది. పదిమందికి పెద్దపేగు తీసేయవలసి వచ్చింది, వారిలో ఆరుగురు చనిపోయారు. విచారణలో తేలినదేమిటంటే, అక్కడివారు యంత్రాన్ని ఎప్పటిలాగే శుభ్రం చేసిన తరువాత కూడా దానిలో మల బ్యాక్టీరియా విపరీతంగా ఉంది. ఇప్పుడు ఒకసారి వాడి పారేసే గొట్టాలు వచ్చాయి, నిజమే. కానీ అమీబియాసిస్ ఇప్పటికీ సాధారణమైన మన దేశంలో, యంత్రం లోపలి భాగాలను ఏ ద్రావణంతో, ఎంతసేపు శుభ్రం చేస్తున్నారో అడిగే హక్కు మీకు ఉంది. అడిగి చూడండి, ఎంత స్పష్టంగా చెబుతారో.

పేగుకు చిల్లు పడటం అరుదే. వెన్నుపాము రోగులు ఇంట్లో చేసుకునే పద్ధతిలో అది పది లక్షలసార్లకు కొద్దిసార్లు మాత్రమే జరుగుతుంది. అయితే అక్కడ నీరు తక్కువ, శిక్షణ ఉంటుంది, మొదలుపెట్టేముందు డాక్టరు పరీక్షిస్తాడు. వెల్‌నెస్ సెంటర్లలో ఎందరికి ఏమైందో నమోదు చేసే ఏర్పాటు లేనప్పుడు “ఇప్పటివరకు మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు” అన్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను. కడుపునొప్పి మొదలైనవాడు మళ్ళీ సెంటర్‌కు పోడు, క్యాజువాలిటీకి పోతాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ యంత్రాలను ఎక్స్‌రే, ఎండోస్కోపీ పరీక్షలకు ముందు పేగును ఖాళీ చేయడానికి అనుమతించింది గానీ, సాధారణ ఆరోగ్యం కోసం కడగడానికి కాదు.

నీటిలో కలిపేవాటి గురించి ఒక్క మాట. కాఫీ ఎనిమాలతో ముడిపడిన రెండు మరణాలు 1980లో అమెరికా వైద్య పత్రికలో నమోదయ్యాయి. వేడి కాఫీతో మలాశయం కాలినవారు కూడా ఉన్నారు. మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమాను వృద్ధులకు, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి డాక్టరును అడగకుండా వాడకూడదు. ఒకరోజులో రెండోది ఎవరికీ వాడకూడదు. సబ్బునీళ్ళ ఎనిమాను నా ఉద్యోగం మొదట్లో కాన్పుకు వచ్చిన ప్రతి తల్లికీ ఇచ్చేవాళ్ళం. దానివల్ల ఉపయోగం లేదని తరువాత పరిశోధనలు తేల్చాయి, మానేశాం. ఆ తల్లులు ఊరికే పడిన అవస్థ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

“ఇది మన పూర్వీకుల పద్ధతే కదా” అని మీ నాన్నగారు అంటున్నారని రాశారు. పూర్తిగా కాదు. ఆయుర్వేదంలోని వస్తికర్మలో మలద్వారం గుండా కొలత ప్రకారం కషాయమో తైలమో వేస్తారు. దాని ఉద్దేశం లోపల కడిగి పారబోయడం ఒక్కటే కాదు, మందును అందించడం కూడా. చరకసంహిత సిద్ధిస్థానంలో వస్తి వల్ల కలిగే పన్నెండు ఉపద్రవాలకు ఒక అధ్యాయం ఉంది. గొట్టంలోని లోపాలకు, సంచిలోని లోపాలకు, వేసేవాడు చేసే తప్పులకు మరో అధ్యాయం ఉంది. ముప్పు గురించి అంత శ్రద్ధగా రాసిన సంప్రదాయం పేరు చెప్పి, ముప్పే లేదని అమ్మడం ఆ సంప్రదాయానికే అన్యాయం. నెలకోసారి ఆముదం పట్టించిన మా నాయనమ్మ తరం కూడా జ్వరం, కడుపునొప్పి ఉన్న పిల్లవాడికి ఆముదం తాగించేది కాదు. ప్రకృతి చికిత్సలో ఇచ్చే అరలీటరు, ముప్పావులీటరు గోరువెచ్చని నీటి ఎనిమాను, ఏ జబ్బూ లేని మనిషి ఎప్పుడో ఒకసారి తీసుకుంటే నేను గోల చేయను. దాన్నీ, 60 లీటర్ల యంత్రాన్నీ ఒకే గాటన కట్టకండి.

పేగులోని బ్యాక్టీరియా సంగతి కూడా అడిగారు. కొలనోస్కోపీకి ముందు తాగే మందుతో బ్యాక్టీరియా సంఖ్య సుమారు 31 రెట్లు తగ్గిందనీ, రెండు వారాల్లో చాలావరకు యథాస్థితికి వచ్చిందనీ ఒక పరిశోధన చూపింది. ఒకసారి పేగు ఖాళీ అయితే కొంప మునగదు. కోలుకోవడానికి రెండు వారాలు పట్టేదాన్ని వారం వారం కదిలించడం ఎందుకన్నదే నా అభ్యంతరం.

ఇప్పుడు చేయవలసిన పని. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, థైరాయిడ్ రిపోర్టులు ఉంటే తీసుకువెళ్ళండి. థైరాయిడ్ తగ్గినా, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా మలబద్ధకం వస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన తేదీ, మోషన్ మారిన నెల కాగితం మీద రాసుకోండి, డాక్టరు ముందు మాటల్లో అవి తారుమారవుతాయి. మలంలో రక్తం, సన్నబడిన మలం, ప్రయత్నించకుండానే తగ్గిన బరువు ఉన్నాయేమో మొహమాటం లేకుండా అడగండి. కొడుకు అడిగితే “ఏం లేదురా” అంటారు, మీ అమ్మగారిని అడిగితే నిజం తెలుస్తుంది.

స్కోపీలో ఏమీ లేదని తేలితే మలబద్ధకానికి దారులు చాలానే ఉన్నాయి. రోజుకు 25, 30 గ్రాముల పీచు అందేలా జొన్నరొట్టె, ఆకుకూర, చిక్కుడు, జామపండు పెంచాలి, ఒక్కసారిగా కాకుండా రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. ఇసబ్‌గోల్‌ను పెద్ద గ్లాసు నీటితోనే తీసుకోవాలి. చాలకపోతే డాక్టరు లాక్టులోజ్ గానీ, పాలిఎథిలిన్ గ్లైకాల్ గానీ రాస్తారు. కమోడ్ వాడే ఇంట్లో కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే ముక్కే అవసరం చాలామందికి తగ్గుతుంది. ఉదయం కాఫీ తాగిన అరగంటలో పేగు సహజంగా కదులుతుంది, ఆ సమయంలో ఫోను పక్కన పెట్టి కూర్చోవాలి. మందులన్నీ వాడినా ఫలితం లేకపోతే, ముక్కేటప్పుడు వదులు కావలసిన కండరం బిగుసుకుంటున్నదేమో చూసే పరీక్ష ఉంది. అలా తేలినవారికి బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ (కండరం కదలికను తెరపై చూస్తూ దాన్ని వదులు చేయడం నేర్చుకోవడం) బాగా పనిచేస్తుంది.

రెండు సిట్టింగులు అయ్యాయి కాబట్టి ఈ లోపు తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, రక్తంతో విరేచనాలు, పొట్ట గట్టిపడటం, తికమకగా మాట్లాడటం ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళి, హైడ్రోథెరపీ చేయించుకున్న తేదీలు అక్కడ ముందే చెప్పండి. స్కోపీకి తేదీ ఇచ్చినప్పుడు కూడా ఆ సంగతి చెప్పండి. రెండు నుంచి నాలుగు లీటర్ల మందు తాగమంటారు, అది లవణాలు సరిచూసి తయారుచేసినది. ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే గోడ నల్లగా కనిపించి చూడటం కష్టమవుతుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో, మందు తాగే రోజు బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకోవాలో మానాలో అపాయింట్‌మెంట్ చీటీ మీదనే రాయించుకోండి.